రాజీపడుట ధర్మమా, దౌర్బల్యమా?

మన భాషలో "తగవు" అను మాటకు రెండర్థములు గలవు. ప్రాచీన గ్రంథములలో తగవనఁగా న్యాయము. తగినది యని భావము. నేఁటి వాడుకలో తగవనఁగా జగడము. న్యాయము చెప్పువానికిఁ దగవరి యని పేరు. జగడమాడువానిని తగవులమారి యందుము. తెలంగాణమున "పంచాయితి" యను మాటకును ఇట్టి గతియే పట్టినది. జగడమును తీర్చు సభకు పేరైనది జగడమునకే పేరైనది. ఇందులో గొప్ప యనుభవ మిమిడియున్నది. ఇద్దఱు కలహించునప్పుడు ఆ యిద్దఱును తమకుఁ దగినదానినే కోరుచున్నామని మనఃపూర్వకముగా నమ్ముదురు. న్యాయము తనవైపు లేదని యెఱిఁగియు వ్యాజ్యమునకు దిగువాఁడు లేకపోలేదు గాని, అట్టివాఁడు సైతము నాలుగు వాయిదాలు గడచునప్పటికి తన యబద్ధమును తానే నమ్మ మొదలిడును.

ఇట్టి తగవులను తీర్చుకొనుటకు మార్గములు రెండు. తీర్పును బడయుట యొకటి. ఒడంబడికకు వచ్చుట రెండవది. మొదటిదానియందు మూఁడవవాఁడొకఁడు ఉభయుల మాటలను విని, ఇది యీతనిది, ఇది యాతనిది యని నిర్ణయించును. ఆ మూఁడవవాఁడు ప్రభుత్వము నియమించిన న్యాయాధిపతి కావచ్చును. ఉభయులును సమ్మతించి కోరుకొన్న తీర్పరి కావచ్చును. రెండవదానియందు మూఁడవవాఁడుండియు తీర్పు చెప్పఁడు. అతఁడు ఇరువురి నడుమఁ గూర్చుండి, ఒకరిమాట యొకరికి వినఁబడునట్లు చేయును. తీర్పు వారి నోటనే వెలువడవలయును. ఇతనినే మధ్యవర్తి యందుము. ఈ వ్యాసమున విచారింపఁబూనినది యీ రెండవ మార్గమును గూర్చియే. ఇది లాభకరమా యనునది లౌకికప్రశ్నము, దానికుత్తరము సులభము. ఇది ధర్మమా యనునది నైతికప్రశ్నము. దానికుత్తరము అంత సులభము కాదు.

లౌకికప్రశ్నమును ముందుగా ముగింతము. "వ్యాజ్యమున నోడినవాఁడు కచేరిలోనే యేడ్చును, గెలిచినవాఁడు ఇంటికి వచ్చి యేడ్చును" అని మన పెద్దల సామెత. భారతదేశమునందలి జిల్లాకోర్టులలోను వాని క్రింది కోర్టులలోను తేలక నిలిచియున్న వ్యవహారములు 2023 సంవత్సరము నాఁటికే నాలుగుకోట్లు దాఁటినవి. దావా వేసిన తండ్రి పోయిన పిమ్మట కుమారుఁడు వాదియగుట, వాని పిమ్మట మనుమఁడు వాదియగుట మన మెఱుఁగనిది కాదు. డిక్రీ వచ్చినంతమాత్రమున కథ ముగియదు. అప్పీలు గలదు, దానిపై రెండవ యప్పీలు గలదు, అన్నియు ముగిసిన వెనుక డిక్రీని అమలు జరుపుటకై మఱల నొక దరఖాస్తు గలదు. ఎకరము పొలమునకై యెకరమున్నర యమ్ముకొన్నవారు ప్రతి తాలూకాలోను గలరు.

ప్రభుత్వమును ఈ సంగతిని గుర్తించినది. 1984 సంవత్సరపు కుటుంబన్యాయస్థానముల చట్టము, భార్యాభర్తల వ్యవహారములలో తొలుత సమాధానమునకుఁ బ్రయత్నింపవలసినదని న్యాయాధిపతులకు విధించినది. 1987 లో శాసనమై 1995 లో అమలునకు వచ్చిన న్యాయసేవాధికార చట్టము లోక్ అదాలతులకు శాసనబలము నొసఁగినది. అచటఁ గుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. 1999 లో సవరింపఁబడిన సివిల్ ప్రొసీజరు కోడులోని 89 వ విభాగము 2002 జూలై 1 వ తేదీనుండి అమలునకు వచ్చి, ఒడంబడికకు వీలున్న దావాలను మధ్యవర్తుల కడకుఁ బంపుటకు న్యాయాధిపతులకు మార్గము చూపినది. తుదకు 2023 లో మధ్యవర్తిత్వమునకే యొక ప్రత్యేకచట్టము పార్లమెంటునఁ జేయఁబడి, దానిలోని కొన్ని విభాగములు ఆ సంవత్సరము అక్టోబరు 9 వ తేదీనుండి ఆచరణమునకుఁ దేఁబడినవి. ఆ చట్టము మధ్యవర్తిత్వమునకు నూటయిరువది దినముల గడువును, అవసరమైనచో మఱి యఱువది దినముల పొడిగింపును విధించుచున్నది. తరముల లెక్క దినముల లెక్కగా మాఱుట చిన్నమేలు కాదు.

అయినను, చదువరులారా, ధనము మిగులును, కాలము మిగులును అని చెప్పినంతమాత్రమున మనస్సాక్షి తృప్తి నొందదు. లంచమిచ్చినను ధనమును కాలమును కొన్ని సమయములలో మిగులును. అంతమాత్రమున లంచము ధర్మము కాదు. కాఁబట్టి ఒక పని చేయఁదగినదా కాదా యని తెలిసికొనుటకు దాని లాభమును గాక స్వభావమును పరీక్షింపవలయును. రాజీపై మూఁడు గొప్ప యాక్షేపణలు చెప్పఁబడుచున్నవి. మూఁడును బుద్ధిమంతులు చెప్పునవే. వానిని తేలికగాఁ ద్రోసివేయరాదు.

మొదటి యాక్షేపణ సత్యమును గూర్చినది. "సత్యమొక్కటే. పొలము నాదో, నీదో యై యుండవలయును. నాదే యైనచో సగము నీకిచ్చుట సత్యమును సగము చేయుట. నాది కానిచో సగము నేను పుచ్చుకొనుట దొంగిలించుట. కావున రాజీ యెప్పుడును ఒకవైపు భీరుత్వము, ఒకవైపు చౌర్యము" అని వారి వాదము. ఈ వాదము మిగుల బలమైనదిగాఁ దోఁచును. కాని యిందు రెండు వేఱువేఱు వస్తువులు ఒక్కటిగాఁ జూడఁబడుచున్నవి. జరిగిన సంగతి యొకటి; దానివలన నాకుఁ గలిగిన హక్కు వేఱొకటి. జరిగినదానిని మార్చుటకు నా కధికారము లేదు. హక్కును విడుచుటకు నా కధికారము గలదు. ఏలయనఁగా అది నాది. నూఱు రూపాయలు అప్పిచ్చితిననుట సత్యము. దానిని కాదనుట అసత్యము. ఇచ్చిన నూఱింటిలో ఇరువదిని విడుచుట అసత్యము కాదు. దానమో, దయయో, వివేకమో కావచ్చును.

మహాభారతమునందలి శ్రీకృష్ణ రాయబారమే యిందులకుఁ దార్కాణము. పాండవులు అర్ధరాజ్యమునకు హక్కుగలవారయ్యును అయిదూళ్లతోఁ దృప్తినొందుట కొప్పుకొనిరి. కాని తమకు అర్ధరాజ్యమునందు హక్కు లేదని వారెన్నఁడును ఒప్పుకొనలేదు. ఒప్పుకొనుఁడని శ్రీకృష్ణుఁడును అడుగలేదు. కోరిక తగ్గినది, సత్యము తగ్గలేదు. ఇదియే రాజీకి మొదటి కొలత. ఒడంబడిక పత్రములో నేను చేవ్రాలు చేయునది నేను విడుచుచున్న ధనమునకైనచో అది ధర్మము. జరగనిది జరిగినదనియు, జరిగినది జరగలేదనియు చెప్పు వాక్యమునకైనచో, దానివలన నెంత శాంతి కలిగినను అది అధర్మము.

అదియునుగాక, కోర్టు తీర్పు సంపూర్ణసత్యమును వెలువరించునని యనుకొనుటయు పొరపాటే. న్యాయాధిపతి చూచునది సాక్ష్యమును. ఆయన యుత్తర మిచ్చునది కక్షులు లేవఁదీసిన ప్రశ్నములకే. ఒక దృష్టాంతమును కల్పించి చెప్పెదను. మెట్టసీమలో ఇద్దఱన్నదమ్ములు తండ్రి విడిచిన యాఱెకరములను పంచుకొన్నారు. గట్టుమీఁద నున్న నుయ్యి యెవరిదను తగవు పుట్టినది. అన్న దావా వేసెను. పంపకపు దస్తావేజును, సర్వే పటమును, సాక్షులను చూచి న్యాయాధిపతి నుయ్యి అన్నదని చెప్పవచ్చును, తమ్మునిదని చెప్పవచ్చును, ఉమ్మడిదని చెప్పవచ్చును. అంతకుమించి ఆయన చేయఁగలిగినది లేదు. వారినొక మధ్యవర్తి వేఱువేఱుగాఁ గూర్చుండఁబెట్టుకొని "మీకు నుయ్యి యెందులకు?" అని యడిగెను. అన్నకు వేసవిలో నిమ్మతోఁటకు నీరు కావలెను. తక్కిన కాలములో నుయ్యితో పని లేదు. తమ్మునికి కార్తెలు తప్పిన యేఁట నారుమడి తడుపుకొనుటకు నీరు కావలెను; వేసవిలో అక్కఱలేదు. ఇరువురకును నుయ్యి కావలెను గాని యొక్క కాలమున కాదు. ఇంకను అడుగఁగా, తల్లి కడపటి వ్యాధిలో మందులకైన ఖర్చులో అన్న పైసయైన నీయలేదను దుఃఖము తమ్ముని కడుపులో నున్నట్లు బయటపడెను. తగవు నుయ్యిని గుఱించి కానేకాదు. ఆ మందుల లెక్క యే దావాలోను వ్రాయఁబడలేదు. ఏ యిష్యూగాను నిర్ణయింపఁబడదు. అన్న యా లెక్కలో సగము చెల్లించి, తమ్ముని యెదుట "నేను చేసినది తప్పు" అని యొప్పుకొనెను. నీటి కాలములు కాగితముమీఁదఁ బెట్టుకొనిరి. ఇందు సత్యము తగ్గినదా, హెచ్చినదా? కోర్టులో నెన్నఁడును బయటికి రాని సత్యము ఇచట బయటికి వచ్చినది.

కాఁబట్టి మంచి మధ్యవర్తి యెదుట జరుగు పని సత్యమును దాఁచుట కాదు; సత్యమును చెప్పుటకు భయములేని చోటు నేర్పఱచుట. 2023 చట్టమును ఇందులకే మధ్యవర్తి యెదుటఁ బలికిన మాటలు రహస్యములనియు, వానిని పిమ్మట కోర్టులో సాక్ష్యముగాఁ బెట్టరాదనియు విధించినది. "తప్పు నాది" అను మాట కోర్టులో నొప్పుదల. దానివలన దావా పోవును. మధ్యవర్తి యెదుట అదే మాట తలుపు గడియ తీయుట. మౌనము వేఱు, అసత్యము వేఱు. ఒకరి రహస్యమును మధ్యవర్తి రెండవవారికి చెప్పకుండుట ధర్మమే; రెండవవారు అడిగినప్పుడు లేనిది యున్నట్లు చెప్పుట మాత్రము వానికిఁ దగదు.

రెండవ యాక్షేపణ లోకహితమును గూర్చినది. "కోర్టు తీర్పు ఇద్దఱికే కాదు, అందఱికిని వెలుఁగు. ప్రతివారును నాలుగు గోడల నడుమ రాజీపడినచో ధర్మశాస్త్రము పెరుగుటెట్లు? అన్యాయమైన యాచారము బహిరంగముగా ఓడుటెట్లు?" అని వా రడుగుదురు. ఈ యాక్షేపణకు నేను సంపూర్ణముగా నొప్పుకొనుచున్నాను. కేరళదేశపు సిరియన్ క్రైస్తవ స్త్రీయగు మేరీ రాయి, తండ్రి సొత్తులో కొమార్తెకు సమభాగము లేదను ప్రాఁతచట్టముపై సుప్రీముకోర్టు కెక్కినది. 1986 లో ఆమెకు జయము కలిగినది. ఆమె తన యన్నదమ్ములతో నేదో కొంత సొమ్మునకు రాజీపడియుండినచో ఆమె తగవు తీఱెడిదే. కాని యా సమాజములోని వేలకొలఁది కొమార్తెల తగవు తీఱకయే యుండెడిది. ఆమె విడువకుండినది తన హక్కును మాత్రమే కాదు.

ఇందుండి రెండవ కొలత వచ్చుచున్నది. నేను విడుచునది నాది యొక్కతియే యైనచో విడువవచ్చును. నాతోఁబాటు ఇతరుల హక్కును, నా తరువాత వచ్చువారి హక్కును నా చేవ్రాలుతోఁ గొట్టుకొనిపోవునట్లున్నచో, విడుచుట కౌదార్యమని పేరు పెట్టరాదు. అది యితరుల సొమ్ముతో దానము చేయుట. నుయ్యి నీటిని పంచుకొనుట రాజీకిఁ దగినది. అందఱు త్రాగు నూతిలో ఫలానివారు నీరు తోడరాదనువానితో "వారమునకు రెండు దినములు తోడుకొందురు లెమ్ము" అని బేరమాడుట రాజీకిఁ దగనిది. మొదటిచోట ఇరుపక్షములకును కొంచెము కొంచెము న్యాయము గలదు. రెండవచోట ఒకవైపు న్యాయమును, రెండవవైపు దానిని త్రొక్కిపట్టిన యలవాటును మాత్రమే గలవు. న్యాయమునకును న్యాయమునకును నడుమ మధ్యస్థానము గలదు గాని, న్యాయమునకును అన్యాయమునకును నడుమ మధ్యస్థానము లేదు.

మూఁడవ యాక్షేపణ బలాబలములను గూర్చినది. నా యభిప్రాయమున అన్నిటిలోను గొప్పది యిదియే. దీనిని గ్రహించుటకు, మనము ముందు చెప్పుకొన్న యన్నదమ్ముల కథకు మఱల రావలయును. ఆ కథ చదివినవారు చాలమంది సంతోషించియుందురు. అన్న తప్పొప్పుకొనెను, తమ్ముని మనస్సు చల్లపడెను, నీళ్లు పంచుకొనఁబడినవి. కాని యా యింట నొక చెల్లెలున్నదని చెప్పినచో? తండ్రి విడిచిన యాఱెకరములలో ఆమెకును భాగమున్నదని చెప్పినచో? ఆమెను మధ్యవర్తి యెదుటికి పిలిచినవారు లేరు. ఇద్దఱన్నలు హాయిగా సమాధానపడిరి. ఆ సమాధానము ఆమె భాగముమీఁద నిలిచియున్నది.

ఇది కల్పన యని యొకరును అనరనుకొందును. ఆంధ్రప్రదేశ శాసనసభ 1986 లో హిందూ వారసత్వ చట్టమును సవరించి, అప్పటికి వివాహము కాని కొమార్తెలకు ఉమ్మడి కుటుంబపు టాస్తిలో కుమారులతోపాటు జన్మతః హక్కు నొసఁగినది. 2005 లో పార్లమెంటు ఆ హక్కును దేశమంతటను కొమార్తెలందఱికిని చేర్చినది. ఆ దినమునాఁటికి తండ్రి బ్రదికియున్నను లేకున్నను కొమార్తె హక్కునకు లోపము లేదని 2020 లో సుప్రీముకోర్టు తేల్చినది. ఇన్ని జరిగిన పిమ్మటను మన యిండ్లలో జరుగుచున్న దేమి? పండుగకు చెల్లెలిని పిలుతురు. చీర పెట్టుదురు, పసుపు కుంకుమ లిత్తురు. భోజనములైన పిమ్మట హక్కు విడుదల దస్తావేజు ముందు పెట్టి, "పుట్టింటి తలుపు నీకెప్పుడును తెఱచియే యుండవలెను గదా, అమ్మా!" అని వినయముగా నందురు. ఆమె చేవ్రాలు చేయును. పెద్దలు "కోర్టులకెక్కకుండ కుటుంబములో చక్కఁబెట్టుకొంటిమి" అని సంతసింతురు. దీనికి రాజీ యని పేరు. నిజమునకు ఇది యొకరు మాత్రమే విడిచిన రాజీ. విడువనిచో పుట్టిల్లు పోవునను భయము దానికి మధ్యవర్తి.

భారతకథలో సంధికై శ్రీకృష్ణుఁడు పయనమగునప్పుడు, విడిచిన తలవెండ్రుకలను చూపి, ఆ సంధిమాటలలో తన యవమానమును మఱవవలదని ద్రౌపది యడిగినది. సంధి చేసికొనువారు పురుషులు. అవమానము పొందినది స్త్రీ. ఆమె యడిగినది సంధి వలదని మాత్రమే కాదు. ఎవరి దుఃఖముమీఁద ఆ సంధి కట్టఁబడుచున్నదో చూడుఁడని. ఈ ప్రశ్నము ప్రతి యొడంబడికయందును అడుగఁదగినది: ఈ చాపమీఁద కూర్చుండనివారెవరు? కూర్చుండియు నోరు తెఱవలేనివారెవరు?

మన గ్రామములలో పెద్దమనుషులు తీర్చు తగవులకును ఈ ప్రశ్నమే వర్తించును. ప్రాఁతకాలపు పంచాయతీలను బంగారుకాలపు వస్తువులుగాఁ బొగడువారు గలరు. వానియందు మంచి లేదని నేననను. సాక్షులెవరో, గట్టెక్కడనో, ఎవరి మాట నమ్మఁదగినదో ఊరివారికిఁ దెలిసినట్లు దూరముననున్న కచేరికిఁ దెలియదు. మన్రో దొరగారు ఈ తలంపుతోనే పాటుపడఁగా, 1816 లో చెన్నపురి ప్రభుత్వము గ్రామమునసబులకును గ్రామపంచాయతీలకును తగవులు తీర్చు నధికారము నిచ్చుచు రెగ్యులేషనులు చేసినది. కాని యా పంచాయతీల నాశ్రయించినవారు కొలఁదిమందియే. శాసనము పేరు నీయఁగలదు గాని నమ్మకము నీయఁజాలదు. ఊరి పెద్దయే భూస్వామియు, ఋణదాతయు నైనచో, కూలివానికిని వానికిని నడుమ తగవు వచ్చినప్పుడు ఆ పెద్ద తీర్పునకు పిల్లుల తగవు తీర్చిన కోఁతి తీర్పునకును భేదమేమి? కులపెద్దలు వెలివేయుదుమని బెదరించి పుచ్చుకొన్న "ఒప్పుదల" ఒప్పుదల కాదు. మానభంగము చేసినవానిచేత కొంత సొమ్మిప్పించియో, వానికే యా బాలిక నిచ్చి పెండ్లిచేసియో తగవు తీర్చితిమనుకొనుట నేరముమీఁద నేరము. అట్టి నేరములలో రాజీకిని మధ్యవర్తిత్వమునకును తావులేదని సుప్రీముకోర్టు 2015 లో ఖండితముగాఁ జెప్పినది.

మన పూర్వులును ఈ యపాయమును ఎఱుఁగక పోలేదు. యాజ్ఞవల్క్యస్మృతిలో కులము, శ్రేణి, పూగము, రాజనియుక్తులు అని తగవులు తీర్చు సభలు వరుసగాఁ జెప్పఁబడినవి. బంధువుల సభకంటె వృత్తిసంఘము, దానికంటె ఊరిసమూహము, దానికంటె రాజు నియమించిన యధికారులు అధికులు. దానికి విజ్ఞానేశ్వరుఁడు వ్రాసిన మితాక్షర మన దేశమున నెంత ప్రసిద్ధమనఁగా, కేతన దానిని తెలుఁగుపద్యములలోనికిఁ దెచ్చెను. ఇందలి తాత్పర్యము గ్రహింపఁదగినది. ఇంటి తగవు ఇంటనే తీఱవచ్చును. కాని యింటికి పైన తలుపొకటి తెఱచియుండవలయును. కోర్టు తలుపు తెఱచియున్నప్పుడే మధ్యవర్తి యెదుటి యొప్పుదల నిజమైన యొప్పుదల యగును. లేచిపోవుటకు వీలులేనివాఁడు కూర్చుండుట సమ్మతి కాదు, బంధనము. కాఁబట్టి మధ్యవర్తిత్వము న్యాయస్థానమునకు శత్రువు కాదు. దాని నీడలోనే యిది బ్రదుకును.

ఇందుండి మూఁడవ కొలత స్పష్టమగుచున్నది. చేవ్రాలు చేయువారికి తమ హక్కు ఇంత యని ముందుగాఁ దెలిసియుండవలయును. కాదని లేచిపోయినచో తమకు చెఱుపు కలుగదను ధైర్యముండవలయును. మధ్యవర్తికి ఆ తగవులో నే లాభమును ఉండరాదు. ఎవరి భాగము చర్చింపఁబడుచున్నదో వా రెదుట నుండవలయును. ఎదుట మాటాడుటకు వెఱచువారి మాటను వేఱుగా వినవలయును. పై యయిదింటిలో నొక్కటి లోపించినను అది రాజీ కాదు; మర్యాదవస్త్రము కప్పుకొన్న బలాత్కారము. 2023 చట్టము వంచనచేతను, లంచముచేతను, ఒకరి పేర మఱియొకరు నటించుటచేతను కుదిరిన యొడంబడికలను కోర్టులో ప్రశ్నించుటకు త్రోవ నుంచినది గాని, ప్రేమమాటలతో కప్పిన భయమును కనిపెట్టుట శాసనమునకు సాధ్యము కాదు. అది మధ్యవర్తి మనస్సాక్షికే సాధ్యము.

ఇప్పుడు, రాజీ దౌర్బల్యమను మాటను గూర్చి. ఎవఁడు దుర్బలుఁడు? ఈ విషయమున గాంధీగారి యనుభవము జ్ఞాపకము చేసికొనఁదగినది. 1893 లో ఆయన దక్షిణాఫ్రికాకు వెళ్లినది దాదా అబ్దుల్లా యను వర్తకుని దావాకై. ప్రతివాది తయ్యబు సేఠు వాదికి బంధువు, ఏకగ్రామస్థుఁడు. దావా నలువదివేల పౌనులది. సాక్ష్యమంతయు చదివి తన కక్షికే బలమున్నదని తెలిసికొన్న పిమ్మటఁగూడ గాంధీగారు, ఈ వ్యాజ్యము సాగినచో ఇరువురును నాశనమగుదురని గ్రహించి, తగవును తీర్పరి కప్పగించునట్లు ఉభయులను ఒప్పించిరి. అబ్దుల్లాకు జయము కలిగినది; తయ్యబు సేఠు ముప్పదియేడువేల పౌనులును ఖర్చులును చెల్లింపవలసివచ్చినది. ఒక్కసారి చెల్లించుటకు వానికి శక్తి లేదు. దివాలా తీయుట వారి వర్తకసంఘములో మరణముకంటె హెచ్చు. అప్పుడు గాంధీగారు గెలిచినవాని కడకుఁ బోయి, దీర్ఘమైన వాయిదాలలో సొమ్ము పుచ్చుకొనుటకు బతిమాలిరి. ఉభయులను తీర్పునకు ఒప్పించుటకంటె, గెలిచినవానిని తగ్గించుటయే తనకు హెచ్చు కష్టమైనదని ఆయనయే వ్రాసికొన్నారు.

ఇందు దుర్బలుఁడెవఁడు? తీర్పు చేతనున్న అబ్దుల్లా చేయి చాఁచి పుచ్చుకొనఁగలవాఁడే, చాఁచక ఆఁగెను. చేయఁగలిగియు చేయకుండుట బలము. చేయలేక మానుట దౌర్బల్యము. ఈ భేదమును పాటింపక, ఓడినవానిని లొంగఁదీయుటకు రాజీ యని పేరు పెట్టుటయు, గెలువఁగలవాఁడు తగ్గుటకు పిఱికితన మని పేరు పెట్టుటయు లోకములో మెండు. మఱియు సేఠు తాను బాకీలేనని చెప్పుటకు ఒప్పుకొనఁబడలేదు. బాకీ యంతయు నిలిచియే యున్నది. తగ్గినది గడువు మాత్రమే. మొదటి కొలతకు ఇది సరిపోవుచున్నది.

కొందఱు, ప్రయత్నించి చూచితిమి, ఎదుటివాఁడు లొంగలేదు, కావున మధ్యవర్తిత్వము వ్యర్థమందురు. రాయబారము ఫలింపదని విదురుఁడు చెప్పినప్పుడు, శక్తికొలఁది ప్రయత్నించి విఫలుఁడైనవానికిని పుణ్యము తప్పదని శ్రీకృష్ణుఁడు బదులు చెప్పెను. ఆ సంధి కుదరలేదు, యుద్ధము తప్పలేదు. కాని యా ప్రయత్నము లేకున్నచో, యుద్ధమునకు కారకుఁడెవఁడో లోకమునకుఁ దెలిసెడిది కాదు. పాండవుల మనస్సునకు శాంతియు నుండెడిది కాదు. సమాధానమునకై నిజముగాఁ బ్రయత్నించి, అది కుదరక కోర్టుకెక్కినవాఁడు శుభ్రమైన చేతులతో నెక్కును. ఒక్కమాటయైన నాడక ముందే నోటీసు పంపినవానికి ఆ శుభ్రత లేదు.

కాఁబట్టి తేలినదిది. రాజీ తనంతట ధర్మమును కాదు, అధర్మమును కాదు. విడుచునది నాదై, చెప్పునది నిజమై, ఒప్పుకొనునది స్వేచ్ఛయై యున్నప్పుడు అది ధర్మములలో నుత్తమమైనది. ఏలయనఁగా తీర్పు తగవును మాత్రమే తీర్చును, రాజీ మనుష్యులను కలుపును. ఈ మూఁటిలో నేది తప్పినను, కోర్టునకుఁ బోవుటయే ధర్మము. పోవువారిని "కుటుంబపు పరువు తీయుచున్నా" రని నిందించుట పాపము.

చదువరులారా! మీలో వ్యాజ్యమున నున్నవా రుందురు, వారు రాబోవు వాయిదాకు ముందు ఒక్కమాఱు తమ్ము తాము "నాకు నుయ్యి యెందులకు?" అని యడిగికొందురు గాక. మీలో వకీళ్లుందురు, వారు తమ కక్షి గెలువఁగలడా యని చూచినట్లే, గెలిచి యేమి పొందునో యని కూడఁ జూతురు గాక. మీలో నలుగురు గౌరవించు పెద్దలుందురు. వారు తగవు తీర్పఁ గూర్చున్నప్పుడు ఎదుటనున్న యిద్దఱినే కాక, గడపకు లోపల నిలువఁబడి వినుచున్న మూఁడవయామెను కూడ పిలిచి కూర్చుండఁబెట్టుదురు గాక. ఆమెకు ఒక చాప వేయుటవలన సమాధానము కొంత యాలస్యము కావచ్చును. ఆమెను విడిచి చేసిన సమాధానము మాత్రము మఱియొక తరమున దావాయై తిరిగి వచ్చును. రాకున్నను, రాకపోవుటకుఁ గారణము న్యాయము కాక భయమైనచో, ఆ యప్పు మన లెక్కలోనే నిలిచియుండును.